జబ్బుకు కాళ్లు లేవు

2024 అక్టోబరులో పల్నాడు జిల్లా దాచేపల్లిలోని ఒక కాలనీలో వాంతులు, విరేచనాలు ఇంటింటికీ పాకాయి. ఇద్దరు చనిపోయారు. వైద్య శిబిరం పెట్టారు, నీళ్ల నమూనాలు పరీక్షకు పంపారు, కాలనీలోని బోర్లు మూయించారు. అప్పటిదాకా ఆ నీళ్లే తాగినవాళ్లకు ఆ చివరి పని వింతగా తోచి ఉంటుంది. తేటగా, చల్లగా ఉన్న నీళ్లు, ఏళ్ల తరబడి తాగుతున్న నీళ్లు. వాటిలో ఏం తప్పుంటుంది?

దానికి సరిగ్గా 170 ఏళ్ల ముందు లండన్ జనం కూడా ఇలాగే అనుకున్నారు. 1854లో సోహో ప్రాంతంలో కలరా విరుచుకుపడి కొన్ని రోజుల్లోనే వందల మందిని తీసుకుపోయింది. కుళ్లు వాసనతో నిండిన గాలే కలరా తెస్తుందని ఆనాటి వైద్యుల నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎక్కడ చనిపోయారో ఆరా తీశాడు, తర్వాత పటం మీద గుర్తు పెట్టాడు. చావులు దాదాపు అన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ గుమిగూడాయి. ఆయన మాట మీద అధికారులు ఆ పంపు పిడి ఊడదీయించారు. ఆ బావికి మూడడుగుల దూరంలోనే ఒక ఇంటి మరుగు గుంత ఉందని, దాని ఇటుకలు సడలిపోయాయని, జబ్బుపడ్డ పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు అందులోనే పోశారని తర్వాత బయటపడింది. ఆ పంపు నీళ్లు కూడా చూడటానికి తేటగానే ఉండేవి.

అప్పటికి కలరా క్రిమి ఎలా ఉంటుందో స్నోకి తెలియదు. రాబర్ట్ కాక్ దాన్ని గుర్తించింది 1880లలో. క్రిమిని చూడకుండానే, మందు లేకుండానే, దాని దారి ఒక్కటి తెలుసుకుని స్నో ఆ దారిని మూయించగలిగాడు. అంటువ్యాధుల గురించి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. జబ్బుకు కాళ్లు లేవు. అది తనంతట తాను మన ఇంటికి నడిచి రాలేదు. నీళ్లో, ఈగో, దోమో, కత్తో, చెయ్యో దాన్ని మోసుకొస్తేనే వస్తుంది. ఆ మోతను ఆపగలిగితే చాలు. పల్నాడులో ఈ మధ్య జరిగినవే తీసుకుని ఆ దారులను ఒక్కొక్కటిగా చూద్దాం.

రాయి వడకట్టదు

పల్నాడు నేల కింద చాలాచోట్ల ఉన్నది సున్నపురాయి. మాచర్ల, దాచేపల్లి నాపరాళ్లు పరవని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఆ రాయి మీదే బతుకుతున్నాయి. ఈ రాయికి ఒక గుణం ఉంది. వాన నీటిలో కరిగి ఉండే బొగ్గుపులుసు వాయువు దీన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. వేలు, లక్షల ఏళ్లలో సన్నని పగుళ్లు సందులవుతాయి, సందులు సొరంగాలవుతాయి. గుత్తికొండ బిలంలోకి దిగి, లోపల నిలిచిన నీళ్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ బిలాన్ని తొలిచింది నీరే.

ఇప్పుడు మరుగుదొడ్డి గుంత సంగతి చూద్దాం. మట్టి మందంగా ఉన్న చోట గుంతలోంచి ఊరిన నీరు మెల్లగా దిగుతుంది. రేణువుల మధ్య క్రిములు చిక్కుకుపోతాయి, కొన్ని చచ్చిపోతాయి, మరికొన్నిటిని మట్టిలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. మట్టి ఒక జల్లెడ అన్నమాట. పైన జానెడు మట్టి, కింద పగుళ్లున్న రాయి అయితే ఆ జల్లెడ ఉండదు. గుంతలోని నీరు పగులు పట్టుకుని నేరుగా దిగిపోతుంది. పక్కనే ఉన్న బోరు అదే పగులులోంచి నీటిని లాగుతుంటే రెండూ ఒకే గొట్టానికి రెండు కొసలైనట్టే. బోరు ఎంత లోతుంటే అంత మంచి నీరు అన్న మాట రాతినేలలో ప్రతిసారీ నిజం కాదు. బోరు పైభాగంలో కేసింగు పైపు రాతిలోకి గట్టిగా దిగిందా, దాని చుట్టూ సిమెంటు పోసి బిగించారా, చుట్టూ గట్టు కట్టారా, మరుగు గుంత ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్నలు లోతు కంటే ముందు అడగాలి. వానలు పడ్డాక వారం పది రోజులు మరింత జాగ్రత్త కావాలి. గుంతల్లో పేరుకున్నదంతా ఆ వాననీటితోనే కిందికి కదులుతుంది.

పంపు కట్టేసిన తర్వాత

బోరు లేని ఇళ్లకు పంపు నీళ్లే దిక్కు. సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఊరి మంచినీటి చెరువు నింపుకుంటారు. ఆ నీటిని ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, పైపుల్లోకి వదులుతారు. ట్యాంకు దగ్గర మంచిగా ఉన్న నీరు వీధి చివరకు వచ్చేసరికి ఎలా చెడుతుంది?

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. గంటో రెండు గంటలో వదిలి కట్టేస్తారు. నీళ్లు వస్తున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, చిల్లు ఉన్నా నీరు లోపలి నుంచి బయటికే పోతుంది. కట్టేసిన మరుక్షణం ఒత్తిడి పడిపోతుంది. పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు మిగిలిన నీళ్లు పట్టుకుంటుంటే మెరకన ఉన్న పైపు ఖాళీ అవుతూ బయటి నుంచి పీల్చుకుంటుంది. ఆ పైపు సైడు కాలువ కిందుగా పోతూ, దాని జాయింటు సడలి ఉంటే, పీల్చుకునేది మురుగునే. మర్నాడు నీళ్లు వదలగానే ఆ మురుగంతా ముందు బిందెల్లోకి వస్తుంది. పంపు రాగానే మొదటి రెండు బిందెలు పారబోసే అలవాటు మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అందులో పూర్తి విజ్ఞానం ఉంది.

దీనికి తోడు మోటార్లు. నీళ్లు సన్నగా వస్తున్నాయని పైపుకే మోటారు బిగిస్తారు. ఆ మోటారుకు మంచినీరు, మురుగు అన్న తేడా తెలియదు. వీధి పైపులో ఎక్కడ చిల్లుంటే అక్కడి నుంచి లాగుతుంది. ఒక ఇంటి మోటారు వీధి మొత్తానికి జబ్బు తేగలదు. ఇరుగుపొరుగుతో తగవెందుకని ఊరుకునే విషయం కాదిది.

పైపు ఎక్కడ చెడినా కాపాడగలిగేది నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్. క్లోరిన్ వాయువును ఆరిన సున్నం మీదుగా పంపితే బ్లీచింగ్ పౌడరు వస్తుంది. అంటే ఇంటి గోడకు వేసే సున్నమే క్లోరిన్‌ను పట్టుకుని నీటిని కాపాడుతుంది. మంచి పౌడరు అయితే 1000 లీటర్లకు 2.5 గ్రాములు సరిపోతుంది. ముందు కొద్ది నీటిలో కలిపి, సున్నం అడుక్కి దిగాక, పైన తేరిన నీటిని ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాలి. చివరి ఇంటి పంపు దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని నియమం. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. రంగు రాకపోతే ఆ నీటికి కాపలా లేనట్టే. ఈ పరీక్షకు పట్టేది నిమిషం. పంచాయతీలో, మున్సిపాలిటీలో అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉంది. ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష చూపిస్తే సరిపోదు, చివరి ఇంటి దగ్గర చెయ్యమనాలి. గాలి తగిలి తడిసి గడ్డకట్టిన పౌడరులో బలం ఉండదు. బురద నీటిలో ఎంత పోసినా క్లోరిన్ ముందు బురదతోనే ఖర్చయిపోతుంది. అనుమానం వచ్చిన రోజున పొయ్యి మీద తెర్లకాచిన నీళ్లకు సాటి లేదు. సలసలా పొంగాక ఒక నిమిషం కాగనిస్తే చాలు.

పేగులో తెరుచుకున్న తూము

ఇంత చేసినా క్రిమి లోపలికి పోయిందనుకుందాం. మనం తాగేవి, నోట్లో, పొట్టలో ఊరేవి అన్నీ కలిపి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం పేగులోకి చేరుతుంది. దాదాపు అంతటినీ పేగు తిరిగి ఒంట్లోకి పీల్చుకుంటుంది. కలరా క్రిమి వదిలే విషం పేగు గోడలోని తూములను తెరిచి పడేస్తుంది. ఒంట్లోని ఉప్పు, దాని వెంట నీరు పేగులోకి ఉరుకుతాయి. తీవ్రమైతే గంటకు లీటరు దాకా పోవచ్చు. కలరాలో ప్రాణం తీసేది ఇలా ఎండిపోవడమే.

అయితే ఆ గోడలో ఇంకో తలుపు మాత్రం చెక్కుచెదరదు. అది ఉప్పును, చక్కెరను జంటగా లోపలికి తీసుకునే తలుపు. ఒక్క ఉప్పు పంపితే తెరుచుకోదు. రెండూ తగుపాళ్లలో వస్తే తెరుచుకుంటుంది, వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. ఓఆర్ఎస్ కిటుకు ఇంతే. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి, రోగుల ఇంటివాళ్ల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది చనిపోతుండగా, ఆ సంఖ్య నాలుగు లోపుకు పడిపోయింది.

పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. చిటికెడు చిటికెడు గ్లాసుల్లో వేస్తే ఆ పాళ్లు పోతాయి. ఒక రోజు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరికేదాకా లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి వేసుకోవాలి. ఉప్పేసిన గంజి, పల్చని మజ్జిగ మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే. పిల్లవాడు కక్కుకుంటుంటే పది నిమిషాలాగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. పిల్లలకు 14 రోజుల జింకు మాత్రలు కూడా ఇస్తారు. కళ్లు లోపలికి పోయినా, ఒంటేలు రాకపోయినా, పిల్లవాడు సోలిపోతున్నా ఇంట్లో ఆగకూడదు.

దుకాణంలో ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వాటిలో చక్కెర ఎక్కువ. ఎక్కువైన చక్కెర పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తెలుగు డాక్టరమ్మ పట్టుదల దేశంలోని ప్రతి తల్లికీ మేలు చేసింది.

కోడి కోసిన కత్తి

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారం కోళ్లు గుట్టలుగా చచ్చాయి. భోపాల్ ప్రయోగశాల అది బర్డ్ ఫ్లూ అని తేల్చింది. ఫారం చుట్టూ కిలోమీటరు దాకా వ్యాధి ప్రాంతంగా, పది కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతంగా గీత గీశారు. మరుసటి నెలలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఆమెకు సోకింది హెచ్5ఎన్1 వైరస్ అని పుణె జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఇంట్లో కోడిమాంసం కోస్తున్నప్పుడు పాప పచ్చిముక్క నోట్లో పెట్టుకుందని ఇంటివాళ్లు వైద్య సిబ్బందికి చెప్పారు.

ఆ వార్త చదివి ఆ తల్లిదండ్రులను తప్పుపట్టినవాళ్లు ఒకసారి తమ వంటింట్లో ఆదివారం పొద్దున్నే ఏం జరుగుతుందో చూసుకోవాలి. కోడిని తెచ్చి కత్తిపీట ముందు కూర్చుంటాం. పిల్లలు చుట్టూ చేరతారు. ముక్కలు గిన్నెలో వేసి పంపు ధార కింద కడిగితే తుంపర్లు గట్టు మీదికీ, పక్కనున్న గ్లాసుల మీదికీ, కొత్తిమీర కట్ట మీదికీ పడతాయి. అదే చేత్తో ఉప్పుడబ్బా మూత తీస్తాం. అదే కత్తిపీట మీద ఉల్లిపాయ తరుగుతాం. పొయ్యి మీద ఉడికే కూరలో క్రిమి బతకదు. 70 డిగ్రీలు దాటి ముక్క లోపలిదాకా ఉడికితే బర్డ్ ఫ్లూ వైరస్ నశిస్తుంది. కూర వల్ల భయం లేదు. పచ్చిగా నంజుకునే ఆ ఉల్లిపాయ ముక్క దగ్గరే ప్రమాదం ఉంది.

ఈ వైరస్ మనుషుల్లో ఎందుకు తేలిగ్గా పాకదన్నది కూడా తెలుసుకోవాలి. క్రిమి కణంలోకి దూరాలంటే దాని తాళంచెవికి సరిపోయే తాళం కావాలి. పక్షుల వైరస్‌కు సరిపోయే తాళాలు మనకు ఊపిరితిత్తుల అడుగున ఎక్కువ, ముక్కులో గొంతులో తక్కువ. కాబట్టి మనిషికి అంటడం అరుదు, దగ్గు తుమ్ముల ద్వారా పక్కవాళ్లకు పోవడం ఇంకా అరుదు. కానీ లోపలిదాకా చేరితే ఊపిరితిత్తుల అడుగునే దెబ్బకొడుతుంది. 1997లో హాంకాంగ్‌లో తొలిసారి మనుషులకు సోకినప్పటి నుంచి శాస్త్రవేత్తల భయమంతా ఆ తాళంచెవి ఎప్పుడు మారుతుందోనని. అందుకే ఒక్క పాప మరణానికి కేంద్ర బృందం నరసరావుపేట వచ్చింది.

చేయాల్సినవి చిన్న పనులే. పచ్చిమాంసం ఉన్నంతసేపు పిల్లలను దూరంగా ఉంచడం, ధార కింద కాకుండా లోతు గిన్నెలో నెమ్మదిగా కడగడం, కత్తిపీట, గిన్నె, గట్టు, చేతులు సబ్బుతో రుద్ది కడిగాకే మరో పని ముట్టడం. పసుపు, ఉప్పు పట్టిస్తే క్రిమి పోతుందనుకోకూడదు, వేడి తగలాల్సిందే. దొడ్లో కోళ్లు వరసగా చస్తే కోసుకోవద్దు, అమ్మొద్దు. పశువైద్యశాలకు కబురు పెట్టాలి.

చేలో కుట్టేది, ఇంట్లో పుట్టేది

2025 చివర్లో స్క్రబ్ టైఫస్ అన్న పేరు ఆంధ్రప్రదేశ్ అంతా వినిపించింది, పల్నాడుతో సహా. పొదల్లో, గడ్డిలో ఉండే ఒక జాతి చిన్న పురుగు పిల్లదశలో ఉండగా కుడితే ఈ జబ్బు అంటుతుంది. ఆ పురుగు కంటికి ఆనదు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. పత్తి తీసేవాళ్లకు, గడ్డి కోసేవాళ్లకు, గట్ల మీద కూర్చుని అన్నం తినేవాళ్లకు బట్టల్లోకి పాకి, నడుం, చంక, గజ్జ వంటి మెత్తని చోట్ల కుడుతుంది. నొప్పి ఉండదు. కొన్నాళ్లకు అక్కడ తరచుగా సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని పొక్కు కడుతుంది, జ్వరం, తలనొప్పి పట్టుకుంటాయి. పొక్కు దాచుకునే చోట ఉంటుంది కాబట్టి చాలామంది డాక్టరుకు చెప్పరు. డాక్టరు చూడక, మామూలు జ్వరం మందులతో వారం గడిస్తే అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. జ్వరంతో వెళ్లినప్పుడు పొలం పని చేస్తానని, ఒంటి మీద మచ్చ ఉందని చెప్పడమే సగం వైద్యం.

దీనికి వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలు నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. ఇవాళ పొలంలో కుట్టించుకున్న ఒక కూలీ ఆ మాత్రతో లేచి కూర్చుంటే, అందులో ఆ తెలుగువాడి కష్టం కొంత ఉంది.

పొలం పురుగును చంపలేం. నిండు చేతుల చొక్కా వేసుకోవచ్చు, గడ్డి మీద నేరుగా కూర్చోకుండా పట్టా పరుచుకోవచ్చు, ఇంటికి రాగానే ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో నానేయవచ్చు. డెంగీ దోమ సంగతి దీనికి తిరగేసి. అది మన ఇంట్లోనే పుడుతుంది. పూలకుండీ పళ్లెంలో, కూలర్‌లో, మూత లేని తొట్టిలో గుడ్డు పెడితే రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం శుక్రవారం డ్రై డే పాటించమంటారు. వారానికోసారి తొట్టి ఒంపి, గోడలు తోమి ఆరబెడితే పిల్ల దోమ కాకుండానే పోతుంది. ఒక వారం తప్పితే లెక్క తప్పుతుంది.

ఇక గాలి దారి. 2020 వేసవిలో కరోనా భయంతో నరసరావుపేట వీధులకు కర్రలు అడ్డం కట్టిన రోజులు ఈ తరం మరచిపోదు. ఆ కర్రల వెనకున్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి మన పెద్దలు వేపమండలు కట్టేవాళ్లు. వాటిని చూసి చుట్టాలు వెనక్కి తిరిగేవాళ్లు. వేపాకు మశూచిని చంపలేదు గానీ మనుషులను దూరంగా ఆపింది. మశూచిని చివరకు తుడిచిపెట్టింది టీకా. ఇప్పుడు దగ్గే మనిషి మూతికి అడ్డం పెట్టుకునే గుడ్డ, తెరిచి పెట్టిన కిటికీ, బిడ్డకు వేళకు వేయించిన టీకా ఆ వేపమండల పని చేస్తాయి.

చివరి జానెడు

బోరు, పైపు, ట్యాంకు మన ఒక్కరి చేతిలో లేవు. వాటి కోసం అడగాలి, పదిమందితో కలిసి అడగాలి. ఒకే వీధిలో ఇద్దరికి విరేచనాలైతే ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో ఆ రోజే చెప్పాలి. ఆమె చేతిలోని పుస్తకం మనకు జాన్ స్నో పటం లాంటిది. మూడో ఇంటి పేరు దాకా ఆగితే మనం ఆలస్యం చేసినట్టు.

కానీ బిందె నుంచి నోటి దాకా ఉన్న ఆ జానెడు దూరం మాత్రం పూర్తిగా మనదే. ఏ ఇంట్లోనైనా మంచినీళ్ల బిందె దగ్గర కాసేపు నిలబడి చూడండి. బడి నుంచి వచ్చిన పిల్లవాడు మూత తీసి, గ్లాసు ముంచుతాడు. గ్లాసుతో పాటు నాలుగు వేళ్లూ నీటిలో మునుగుతాయి. విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే క్రిమికి మనిషిని పడగొట్టడానికి పది నుంచి వంద క్రిములు చాలు. గోరు కింద అన్ని ఉండటానికి బోలెడంత చోటు. కాలువ నుంచి చెరువుకు, చెరువు నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి ఇంటికి అంతమంది శ్రమపడి కాపాడిన నీరు ఆ వేళ్ల దగ్గర ఓడిపోతుంది.

పొడుగు కాడ ఉన్న లోటా ఒకటి కొని బిందె పక్కన కొక్కేనికి తగిలించండి. మరుగుదొడ్డి నుంచి వచ్చాక, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు రుద్దుకోమని పిల్లవాడికి చెప్పండి, చెప్పి పక్కన నిలబడండి. జబ్బుకు కాళ్లు లేవు. మన ఇంట్లో దాన్ని మోసేవాళ్లు లేకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.